పల్లెబడి లెక్కలు

పరీక్షల ఫలితములు వెలువడిన నాడు ప్రతి బడికిని ఒక అంకె వచ్చి చేరును. ఈ బడిలో నూటికి 90 మంది తేరినారు, ఆ బడిలో నూటికి 40 మంది మాత్రమే తేరినారు అని జనులు చెప్పుకొందురు. అంకె పెద్దదైనచోట ఉపాధ్యాయునికి సన్మానము, చిన్నదైనచోట సంజాయిషీ. వేయిమంది చదువుకొను పట్టణపు ఉన్నత పాఠశాలకు ఈ పద్ధతి కొంతవరకు చెల్లును. ముప్పదిమందియో నలువదిమందియో పిల్లలుగల పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు దీనినే పట్టి చూచినచో తీర్పు తప్పుదారి పట్టును. ఆ తీర్పును నమ్మి ఒక బడిని మూసివేయుటయు, వేరొక బడిని ఆకాశమున కెత్తుటయు జరుగుచుండును. ఆ అంకె యెట్లు మోసపుచ్చునో, మోసపోకుండుటకు మనమేమి చూడవలెనో ఈ ప్రసంగమున వివరింతును.

ముందుగా చిన్నబడి యనగా నెట్టిదో తెలిసికొందము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పల్లెలలో ఒకటి మొదలు అయిదు వరకు తరగతులుండి, అన్ని తరగతులును కలిపి అరువదిమందికి మించని బడులు వేలకొలదిగ నున్నవి. 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు ఉండవలెను. కాబట్టి చట్టము పూర్తిగా అమలు జరిగినచోట కూడ చిన్నబడిలో అయిదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. అందొకరు సెలవు పెట్టినను, శిక్షణకు పోయినను, ఎన్నికల పనికి పిలువబడినను ఆ దినము ఏకోపాధ్యాయ పాఠశాలయే. ఒకటవ తరగతి పిల్లవాడు అక్షరము దిద్దుచుండగా అయిదవ తరగతి పిల్లకు భాగహారము చెప్పవలెను. ఇది అక్కడి నిత్యకృత్యము.

ఇంత చిన్నబడులు ఇన్ని యెందుకున్నవని అడుగవచ్చును. దీనికి మూడు కారణములు గలవు. మొదటి కారణము మంచిదే. పసిపిల్లలు దూరము నడువలేరు. ఒకటి నుండి అయిదవ తరగతి వరకు చదువు పిల్లలకు కిలోమీటరు నడక దూరములో బడి యుండవలెనని విద్యాహక్కు నియమములు చెప్పుచున్నవి. వాగు కావలనున్న వాడకు, గుట్టమీది తండాకు, అడవిలోని గూడెమునకు బడి యుండవలెనన్న తలంపు వీనికి మూలము. ఇరువది యిండ్ల గూడెమున వందమంది పిల్లలుండుట యెట్లు?

రెండవ కారణము జనసంఖ్యలో వచ్చిన మార్పు. జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 1992-93లో ఆంధ్రప్రదేశమున స్త్రీ యొకతెకు సగటున 2.6 బిడ్డలు కలుగుచుండిరి. 2019-21 సర్వే నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశమున 1.7కును, తెలంగాణమున 1.8కిని దిగినది. తరము వెంట తరము జనసంఖ్య తగ్గక నిలుచుటకు 2.1 కావలెను. ఒకప్పుడు ఇంటికి ముగ్గురు నలుగురు పలకలు పట్టుకొని వచ్చిన వీధినుండి నేడు ఒకరో ఇద్దరో వచ్చుచున్నారు. బడిలో పిల్లలు తగ్గుట ఉపాధ్యాయుని లోపమని వెంటనే తీర్మానించువారు ఆ ఊరి ఉయ్యెలల నొకసారి లెక్కించిన బాగుండును.

మూడవ కారణము ప్రైవేటు బడి. తెల్లవారి ఏడున్నర గంటలకు పసుపుపచ్చని బస్సు వచ్చి ఊరి నడుమ నిలుచును. మెడలో గుర్తింపుబిళ్ల, కాళ్లకు బూట్లు వేసికొన్న పిల్లలు దాని నెక్కి మండల కేంద్రమునకు పోవుదురు. ఆంగ్ల మాధ్యమమన్న మాటకు తలిదండ్రుల మనస్సులో గొప్ప విలువ యున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించిన తరువాత కూడ ఆ బస్సులు ఆగలేదు.

ఇక ఆ బస్సు ఎక్కువారెవరు, ఎక్కనివారెవరు? ఈ ప్రశ్నయే మన విషయమునకు కీలకము. ఫీజు కట్టగలిగినవారు ఎక్కుదురు. కొంత చదువుకొని, పిల్లల చదువుపై ఇంట కన్నువేయగలిగిన తలిదండ్రుల బిడ్డలు ముందుగా పోవుదురు. ఒకే యింట కొడుకును ప్రైవేటు బడికిని, కూతురును సర్కారుబడికిని పంపుటయు కలదు. గ్రామసీమలలో జరిగిన సర్వేలు ఈ భేదమును పలుమారు చూపినవి. మిగిలినవారిలో కూలినాలి చేసికొనువారి పిల్లలు, షెడ్యూల్డు కులముల తెగల పిల్లలు, ఆడుపిల్లలు హెచ్చుగా నుందురు. అమ్మ నాన్నలలో ఎవరికిని చదువు రాని పిల్లవాని పుస్తకము సాయంకాలము బడి విడిచినప్పుడు మూయబడి, మరునాటి ఉదయము బడిలోనే తెరువబడును.

ఈ విభజన స్థిరముగా నిలుచునది కూడ కాదు. ప్రథమ్ అను సంస్థ 2005 మొదలుకొని మన దేశపు గ్రామసీమలలో ఇంటింటికి పోయి పిల్లల చదువును పరీక్షించుచున్నది. దానిని అసర్ నివేదిక యందురు. దాని లెక్క ప్రకారము 6 నుండి 14 ఏండ్ల వయస్సుగల గ్రామీణ బాలబాలికలలో ప్రభుత్వ పాఠశాలలో చేరియున్నవారు 2018లో నూటికి సుమారు 66 మంది, 2022లో 73 మంది, 2024లో 67 మంది. నడుమ వచ్చిన కరోనా వ్యాధికాలమున కూలి పోయినది, ఫీజులు కట్టుట కష్టమైనది, చిన్న ప్రైవేటు బడులు కొన్ని మూతపడినవి. పిల్లలు సర్కారుబడికి మరలివచ్చిరి. చేతిలో మరల డబ్బాడగా మరల బస్సెక్కిరి. అనగా ఒక బడిలో ఏ యిండ్ల పిల్లలు కూర్చున్నారన్నది ఆ బడి గొప్పదనమును బట్టియే గాక, ఆ యేటి కూలి ధరలను బట్టియు మారుచుండును.

ఒకే సంవత్సరములో కూడ బడిలోని జనము మారుట కలదు. కర్నూలు జిల్లా పడమటి మండలములలో వానలు లేని యేట కుటుంబములు గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు తరలిపోవును. దీనిని ఆ సీమవారు సుగ్గికి పోవుట యందురు. ఒడిషానుండి వచ్చిన కుటుంబములు తెలంగాణపు ఇటుక బట్టీలలో నెలలకొలది పనిచేయును. తలిదండ్రులతో పోయిన పిల్లవాని పేరు హాజరు పట్టీలో నిలిచియుండును, పిల్లవాడు మాత్రము తోటలో నుండును. ఇక మన్యమునందు భాషయే వేరు. ఇంట గోండియో, కోయయో, సవరయో, కువియో మాట్లాడు శిశువు బడికి వచ్చిన నాడు తెలుగు పుస్తకము అతనికి పరభాషా గ్రంథమే. ఈ సంగతి గుర్తించియే 2004లో నాటి ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజన భాషలలో తొలి చదువు చెప్పు ప్రయత్నము ఆరంభమైనది.

ఇట్టి బడిలో ఫలితము నూటికి ఇంత యని చెప్పునప్పుడు రెండు విధములైన పొరపాట్లు పుట్టును. మొదటిది చిన్న సంఖ్యవలన పుట్టునది. లెక్క తెలియుటకై కొన్ని బడులను ఊహించుకొందము. ఒక మండలమున 64 చిన్నబడులున్నవి. ప్రతి బడిలోను అయిదవ తరగతిలో ఆరుగురు పిల్లలు. ఉపాధ్యాయులందరును సమానముగా సమర్థులు, పిల్లలందరును సమానమైనవారే. ప్రతి పిల్లకు కథను తప్పులేక చదువుటకు సగము అవకాశమున్నది. నాణెము నెగురవేసినప్పుడు బొమ్మ పడుటకెంతో అంత. ఇప్పుడు పరీక్ష పెట్టిన నేమగును?

గణితము చెప్పునది యిది. అరువది నాలుగు బడులలో సగటున 20 బడులయందు ముగ్గురు చదువుదురు. ఏడు బడులలో అయిదుగురో ఆరుగురో చదువుదురు. మరియొక ఏడు బడులలో ఒక్కరు చదువుదురు, లేదా ఎవ్వరును చదువరు. మొదటి ఏడు బడులకు నూటికి 83, నూటికి 100 అను అంకెలు వచ్చును. ఆ ఉపాధ్యాయులకు శాలువలు కప్పుదురు. చివరి ఏడింటికి నూటికి 17, సున్న వచ్చును. వారికి తాకీదులు పోవును. కాని మనము ఊహించుకొన్న ఈ మండలమున ఉపాధ్యాయునికిని ఉపాధ్యాయునికిని ఆవగింజంత భేదము లేదు. ఆ భేదమంతయు యాదృచ్ఛికమే. మరుసటి యేడు పరీక్ష పెట్టిన శాలువలు వేరొక ఏడుగురికి పోవును. ఇదే తరగతిలో ఆరుగురికి బదులు 60 మంది యున్నచో, యాదృచ్ఛికముగా 50 మంది చదువుట పదిలక్షల సారులలో ఒకసారి కూడ సంభవింపదు. పెద్ద సంఖ్యలో హెచ్చుతగ్గులు ఒకదానినొకటి కొట్టివేసికొనును; చిన్న సంఖ్యలో ఒక్క పిల్లకు జ్వరము వచ్చినను బడి తలవ్రాత మారిపోవును. ఆరుగురున్న తరగతిలో ఒక్క పిల్ల అనగా నూటికి పదునారున్నరకు పైమాట.

ఇది మన పల్లెలకు మాత్రమే పట్టిన చిక్కు కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 1662 పాఠశాలల ఫలితములను గణాంకవేత్తలు పరిశీలించిరి. ఉత్తమ ఫలితములు వచ్చిన 50 బడులలో ఆరు, ఆ రాష్ట్రమునందలి మిక్కిలి చిన్నవైన 50 బడులలోనివి. న్యాయముగా అట్టివి ఒకటో రెండో ఉండవలసినది. దీనినే చూచి చిన్నబడులే మేలని కొందరు తలంచిరి. కాని అధమ ఫలితములు వచ్చిన 50 బడులను తీసిచూడగా వానిలో తొమ్మిది చిన్నబడులే. చిన్నబడి మేలును కాదు, కీడును కాదు. దాని అంకె ఊగులాడునది. ఉయ్యెల ముందుకు వచ్చినప్పుడు ఒకరు, వెనుకకు పోయినప్పుడు మరొకరు చూచి, ఎవరికి తోచినట్లు వారు తీర్పు చెప్పిరి.

రెండవ పొరపాటు ఇంకను సూక్ష్మమైనది. ఇది పిల్లల కూర్పు మారుటవలన పుట్టును. మరల ఒక బడిని ఊహింతము. అందు 40 మంది పిల్లలు. వారిలో 20 మంది చదువుకొన్న తలిదండ్రుల బిడ్డలు. వీరిలో 15 మంది బాగుగా చదువుదురు. తక్కిన 20 మంది చదువురాని వారి బిడ్డలు. వీరిలో 7 గురు చదువుదురు. మొత్తము 40 మందిలో 22 మంది, అనగా నూటికి 55. మరుసటి యేడు మొదటి తెగలో 12 మంది బస్సెక్కి పోయిరి. ఎనిమిదిమంది మిగిలిరి, వారిలో 6 గురు చదువుదురు, అనగా మునుపటి పాలే. రెండవ తెగలోని 20 మందిలో ఉపాధ్యాయుని పూనికచేత 7 గురికి బదులు 8 మంది చదువుచున్నారు. ఇప్పుడు మొత్తము 28 మందిలో 14 మంది, అనగా నూటికి 50.

చిత్రము చూడుడు. ఏ తెగలోను చదువు తగ్గలేదు. బీదపిల్లలలో హెచ్చినది. అయినను బడి అంకె 55 నుండి 50కి పడిపోయినది. పై అధికారి, ఈ బడి దిగజారుచున్నదని వ్రాయును. ఆ మాట ఊరిలో ప్రాకి మరి నలుగురు తలిదండ్రులు బిడ్డలను బస్సెక్కింతురు. అంకె మరింత పడును. ఇట్లొక అపనింద తనను తానే నిజము చేసికొనును. ఇటు పోయిన 12 మందిని చేర్చుకొన్న ప్రైవేటు బడి అంకె, అక్కడ ఎవరును ఏమియు నేర్పకమునుపే పెరిగియుండును.

మరి ప్రైవేటు బడి నిజముగా ఎంత నేర్పుచున్నది, ఇంటినుండి వచ్చినదెంత, అని విడదీసి తెలిసికొనుటెట్లు? దీనికి మన తెలుగునాటనే ఒక గొప్ప పరిశోధన జరిగినది. 2008లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాలలో 180 గ్రామములను తీసికొని, ప్రైవేటు బడి ఫీజును భరించు వోచర్లను పల్లెపిల్లలకు లాటరీ వేసి పంచిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు దీనిని నడపి ఫలితములను 2015లో ప్రకటించిరి. లాటరీయే దీనిలోని ఉపాయము. వోచరు కోరినవారందరును ఒకే విధమైన యిండ్లవారు. చీటీ వచ్చినవారికిని రానివారికిని భేదము చీటీ మాత్రమే. కావున తరువాత కనబడిన తేడా యింటిది కానేరదు, బడిదే కావలెను.

నాలుగేండ్లు గడచిన పిదప చూడగా, తెలుగులోను గణితములోను చీటీ వచ్చి ప్రైవేటు బడికి పోయినవారికిని, రాక సర్కారుబడిలో నిలిచినవారికిని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు ముందుండిరి. బయటికి కనబడు గొప్ప అంతరములో అధికభాగము ఇంటినుండి వచ్చినదేనని దీనివలన తేలినది. న్యాయము కొరకు రెండవ ప్రక్కయు చెప్పవలెను. ఆ ప్రైవేటు బడులు పిల్లకు పెట్టు ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడవవంతు కన్న తక్కువ. తెలుగు గణితములకు అవి తక్కువ కాలము కేటాయించి, మిగిలిన వేళను ఇతర విషయములకు వాడినవి. కావున ఈ పరిశోధనను ఏ పక్షమువారును తమ విజయపతాకగా ఎత్తుకొనుటకు వీలులేదు. మనకు కావలసిన పాఠము ఒకటే: రెండు బడుల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, ఇదే మేలని చెప్పుటకుముందు ఆ బడులలో ఎవరి పిల్లలున్నారో అడుగవలెను.

ఇంతవరకు చెప్పినది విని, అయితే పల్లెబడిలో కొరతయే లేదు, దోషమంతయు లెక్కదే యని తలంపరాదు. ముందు చెప్పిన అసర్ నివేదికలో పరీక్ష చాల చిన్నది. పిల్లచేత అక్షరములు, మాటలు, చిన్న పేరా, ఆ పిమ్మట రెండవ తరగతి స్థాయి కథ చదివింతురు. గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో ఆ కథను చదువగలిగినవారు 2018లో నూటికి సుమారు 50 మంది, 2022లో 43 మంది, 2024లో 49 మంది. 2024 సర్వేలో ఆరు లక్షలకు మించిన పిల్లలను చూచిరి గనుక ఇది ఉయ్యెల ఊగు అంకె కాదు. అయిదేండ్లు బడికి వచ్చిన పిల్లలలో సగముమంది రెండవ తరగతి కథను చదువలేకుండుట దేశమునకు చిన్న లోటు కాదు. బీదయింట పుట్టినదని చెప్పి ఒక పిల్ల చదువు రాకపోవుటను ఎవరైనను సహజముగా నెంచినచో, వారు లెక్కను అర్థము చేసికొనలేదు, దానిని సాకుగా వాడుకొనుచున్నారు.

లోపమెక్కడ నున్నది? పాఠ్యపుస్తకము తన వడిలో తాను పోవుచుండును. రెండవ తరగతిలో గుణింతము పట్టుబడని పిల్ల మూడవ తరగతిలో పేరా చదువలేదు. నాలుగవ తరగతిలో పాఠము వినును గాని పుస్తకము చూడదు. అయిదవ తరగతికి వచ్చునప్పటికి మాటాడక కూర్చుండుట నేర్చుకొనును. ఆమె వయస్సు అయిదవ తరగతిది, చదువు ఒకటవ తరగతిది. పెద్దబడిలో ఈమె గుంపులో మరుగుపడును. చిన్నబడిలో మరుగుపడుటకు తావులేదు. చిన్నబడికి గల గొప్ప బలమిదియే. తరగతిలో ఆరుగురే ఉన్నప్పుడు ఆ ఆరుగురి పేర్లు, ఇంటి సంగతులు, ఎవరికి ఏ గుణింతము తడబడునో ఉపాధ్యాయునికి తెలియును.

ఈ బలమును ఆధారము చేసికొని మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము ఒక పద్ధతిని రూపొందించినది. పద్మనాభరావు, రమ దంపతులు దానికి రూపకర్తలు. చుట్టుపట్ల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలల కొరకు పాఠములను చిన్నచిన్న చీటీలుగా విడదీసి, వానిని నిచ్చెనమెట్లవలె వరుస పెట్టిరి. ప్రతి పిల్లయు తానున్న మెట్టు చీటీ తీసికొని పని ముగించి, పై మెట్టునకు పోవును. ఒకే గదిలో ఒకరు మూడవ మెట్టున, ఒకరు ముప్పదవ మెట్టున ఉండవచ్చును. సుగ్గికి పోయి రెండు నెలలకు తిరిగివచ్చిన పిల్ల తాను విడిచిన మెట్టునుండియే మరల ఎక్కును. తరగతి తన్ను విడిచి ముందుకు పోయినదను దుఃఖము ఆమెకు లేదు. 1995లో కర్ణాటక రాష్ట్రమున ఆరంభమైన నలి-కలి పద్ధతికి ప్రేరణ ఇక్కడినుండియే పోయినది. తమిళనాడునకు కూడ ఈ మార్గమే వ్యాపించినది. వయస్సును బట్టి గాక, చదువగల స్థాయిని బట్టి పిల్లలను జట్లుగా కూర్చుండబెట్టి దినమునకు కొంతసేపు నేర్పు పద్ధతిని ప్రథమ్ సంస్థ ఇతర రాష్ట్రములలో నడపినది. అయిదు తరగతులు ఒక గదిలో నుండుట ఏ కష్టమని మనమనుకొందుమో, ఆ కష్టమునే ఈ పద్ధతులు సాధనముగా మలచుకొనినవి.

ఇక బడులను కలుపుట యను ప్రశ్న. పిల్లలు తగ్గిన బడులను దగ్గరి పెద్దబడిలో కలిపినచో తరగతికొక ఉపాధ్యాయుడు లభించునని ఒక వాదము. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. ఒక్క ఉపాధ్యాయుడు అయిదు తరగతులతో పడు పాట్లు ఎరిగినవారెవరును దీనిని తేలికగా చూడరు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 3, 4, 5 తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు చేర్చు ఏర్పాటు చేసెను. దూరము, రహదారి, వాగులు కారణముగా అనేకచోట్ల తలిదండ్రులు అభ్యంతరము చెప్పిరి. 2025లో ఆ యుత్తరువు రద్దయినది. పటము మీద కిలోమీటరు ఒక అంగుళమునకు లోపే. ఎనిమిదేండ్ల ఆడుపిల్లకు శ్రావణమాసపు వానలో అది వేరు. కలిపిన బడికి ఎందరు చేరిరని గాక, పాత బడిలోనివారిలో ఎందరు చేరలేదని లెక్కించినగాని కలయిక మంచిదో చెడ్డదో తెలియదు. దూరపు బడికి చేరక ఇంట నిలిచిపోయిన పిల్ల ఏ బడి ఫలితములలోను కనబడదు. ఆమె లేనందువలన ఆ బడి అంకె యొక్కింత మెరుగుగా కూడ కనబడవచ్చును.

అయితే పల్లెబడిని ఎట్లు కొలువవలెను? విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య కమిటీని ఏర్పరచినది. అందు నాలుగింట మూడువంతులు తలిదండ్రులే. మొత్తము సభ్యులలో సగముమంది స్త్రీలు ఉండవలెను. ఆ కమిటీవారు కూర్చున్నప్పుడు సున్నము, పంపు, మధ్యాహ్న భోజనములతోబాటు అయిదు ప్రశ్నలు అడిగిన చాలును. వానికి పెద్ద చదువు అక్కరలేదు.

మొదటి ప్రశ్న: కథ చదువలేనివారెవరు? నూటికి ఎందరని గాక, పేర్లు చెప్పుమనవలెను. నలువదిమంది బడిలో ఆ పేర్లు ఒక కాగితమున పట్టును. రెండవ ప్రశ్న: జూన్‌లో ఆ పిల్లలు ఏ మెట్టున నుండిరి, ఇప్పుడేమెట్టున నున్నారు? అక్షరములనుండి మాటలకు వచ్చిన పిల్ల పరీక్షలో తప్పియుండవచ్చును. ఆ యేడు ఆ బడి ఆమెకు చేసిన మేలు మాత్రము పరీక్ష తేరిన పిల్లకు చేసినదానికి తీసిపోదు. మూడవ ప్రశ్న: ఈ యేడు బడి విడిచి పోయినదెవరు, క్రొత్తగా వచ్చినదెవరు? కూర్పు మారినదా లేదా యని దీనివలన తెలియును. నాలుగవ ప్రశ్న: పట్టీలో పేరుండి బడిలో లేనివారెవరు, వారెక్కడ నున్నారు? అయిదవ ప్రశ్న: ఉపాధ్యాయుడు బడిలో పాఠము చెప్పిన దినములెన్ని, ఇతర పనులపై బయటనున్న దినములెన్ని? పై అధికారులకు అంకె తప్పనిసరియైనచో ఒక యేటి అంకెను విడిచి మూడేండ్ల అంకెలను కలిపి చూడవలెను. మూడు తరగతుల పిల్లలు కలసినప్పుడు ఉయ్యెల ఊపు కొంత తగ్గును.

ఇట్లు చూచినను కొన్ని బడులు నిజముగానే వెనుకబడి యున్నవని తేలవచ్చును. తేలినప్పుడు ఉపేక్షింపరాదు. ఉపాధ్యాయుడు రానిచోట రప్పింపవలెను. పద్ధతి రానిచోట నేర్పవలెను. పిల్లలు మరీ కొద్దిమందియై తోడు లేక క్రుంగుచున్నచోట, దారి సుగమమైనచో కలుపవలెను. నిజమైన వెనుకబాటును, లెక్కలో పుట్టిన వెనుకబాటును వేరుపరచుటయే మనము చేయవలసిన పని. లేనిచో మందు ఒకరికిని, రోగమొకరికిని అగును.

పెద్ద పట్టణములలో పిల్లలను అంకెలుగా లెక్కించుట అనివార్యము. అక్కడ పేర్లు అందరికిని తెలియవు. పల్లెబడిలో అట్టి నిర్బంధము లేదు. అక్కడ చదువు రాని పిల్ల ఎవరి కూతురో, ఏ యింటనున్నదో, సాయంకాలము ఆమె గొఱ్ఱెలను ఎక్కడినుండి తోలుకొని వచ్చునో ఊరందరికి తెలియును. తెలిసిన పేరును విడిచి తెలియని అంకెను పట్టుకొననవసరము లేదు. వచ్చు నెలలో మీ ఊరి బడి సమావేశము జరిగినప్పుడు, చదువలేని పిల్లల పేర్ల పట్టికను అడుగుడు. మూడు నెలల తరువాత ఆ పట్టికలో ఎన్ని పేర్లు కొట్టివేయబడినవో మరల అడుగుడు.